గోవాలో మూడు హోటళ్ళు

మా అమ్మాయి కాలవలో పడి పోయిన ఏడాది చలికాలంలో మా ఆయన నన్ను గోవా తీసుకెళ్ళారు. ఈ రెండు సంగతులనూ ఒకే వాక్యంలో చెప్పడం ఇప్పటికీ నాకు ఎబ్బెట్టుగానే ఉంటుంది. కానీ జరిగింది అదే.

అప్పటికి మేము కర్ణాటకలో జవళగేర దగ్గర, ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపులో స్థిరపడి కొన్నేళ్ళయింది. తణుకు వైపు నుంచి వచ్చినవాళ్ళం. తుంగభద్ర నీళ్ళు వచ్చాయని, నల్లరేగడి చవగ్గా దొరుకుతోందని విని, అక్కడున్న కాస్త పొలం చెక్కా అమ్ముకుని, లారీలో సామాను వేసుకుని వచ్చేశాం. తుమ్మలు కొట్టడం, మళ్ళు చదును చేయడం, గట్లు పోయడం, వీటితోనే మొదటి ఏళ్ళు గడిచిపోయాయి. మా రేకుల ఇంటి వెనకే పిల్లకాలవ. చుట్టాలు ఎవరొచ్చినా దాన్ని చూసి, "నీళ్ళు పెరట్లోకే వచ్చాయి, అదృష్టవంతురాలివే" అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

అమ్మాయికి ఆరేళ్ళు. నేను రేవులో బట్టలుతకడం రోజూ చూసేది. ఆ రోజు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. తన బొమ్మకు చుట్టిన గుడ్డ తీసుకుని తనే ఉతుకుదామని వెళ్ళింది. దిగువ మడిలో నాట్లు వేస్తున్న కూలి మనిషి ఒకామె చూసి కాలవలోకి దూకింది. ఆమె రాయచూరు అవతల, తెలంగాణ సరిహద్దు పల్లె నుంచి నాట్లకు వచ్చిన మనిషి. పిల్లను గట్టు మీదికి తెచ్చింది ఆమే. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ తరవాత నాకు ఏడుపు రాలేదు. మాట కూడా రాలేదు. వండేదాన్ని, వడ్డించేదాన్ని, గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. పిల్ల కర్మకాండ ముగిసిన మర్నాడే మా ఆయన పార భుజాన వేసుకుని చేలోకి వెళ్ళిపోయారు. ఈయనకు గుండె లేదనుకున్నాను. ఆ మాటా పైకి అనలేదు.

నాట్ల మనిషి పని అయిపోయాక కూడా మా క్యాంపు చివర గుడిసె వేసుకుని ఉండిపోయింది. ఒక రోజు నా ఎదురుగా వచ్చి చతికిలబడింది.

"ఏందమ్మా, గిట్ల గోడకు బొమ్మలెక్క కూసుంటె ఎట్ల? పొద్దంత ఈ కాల్వ సప్పుడే ఇనుకుంట ఉంటివి. జర జాగ మారి రాపోండ్రి. మీ ఆయనకు నేనే జెప్త."

చెప్పనే చెప్పింది. ఆ సాయంత్రం మా ఆయన తిరుపతి వెళదామా అన్నారు. దేవుడి మొహం చూడనన్నాను. అదే చాలా రోజులకు నేను ఆయనతో అన్న పూర్తి మాట. పుట్టింటికి వెళతావా అన్నారు. అక్కడ అందరూ నా మెడ పట్టుకుని ఏడుస్తారు, నా వల్ల కాదన్నాను. పోనీ, ఊరికే ఎక్కడికైనా, సత్రాల్లో దిగుతూ తిరిగొద్దామన్నారు.

"సత్రంలో పక్కగది ఆడవాళ్ళు ముందు అడిగేది ఒకటేనండీ. పిల్లలెంతమంది అని."

"అయితే పెద్ద హోటళ్ళలో దిగుదాం. అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరంట" అన్నారు.

అలా కుదిరింది. మేము వడ్లు వేసే సింధనూరు మిల్లు నుంచి గోవాకు బియ్యం వెళ్ళేవి. మిల్లు ఆయన అక్కడి తన ఏజెంటుకు చెప్పి మూడు చోట్ల గదులు మాట్లాడించాడు. పట్నంలో ఒకటి, సముద్రం ఒడ్డున ఒకటి, నది మధ్య దీవిలో ఒకటి. దొరలు దిగే హోటళ్ళంట, మీ జన్మలో మరిచిపోరు అన్నాడట. పెళ్ళయిన కొత్తలో కూడా మేము ఎక్కడికీ వెళ్ళినవాళ్ళం కాదు. నేను నా రెండు పట్టుచీరలూ పెట్టెలో పెట్టుకున్నాను, ఎవరో చెప్పిన పని చేస్తున్నట్టు.

బస్సులో హోస్పేట వెళ్ళి రైలెక్కాం. ఘాట్‌లో రైలు పక్కనే కొండ మీంచి పాలధారలాంటి జలపాతం దూకుతుంటే పెట్టెలో వాళ్ళందరూ కిటికీల దగ్గరికి పరిగెత్తారు. నేను కళ్ళు మూసుకున్నాను. నీళ్ళ నుంచి పారిపోయి వస్తే దారంతా నీళ్ళే.

పట్నంలో హోటలు నదికి ఎదురుగా ఉంది. పాలరాతి మెట్లు, పైన తిరిగే పంఖాలు, తెల్లకోటు వేసుకున్న మనుషులు. బల్ల వెనక కూర్చున్న గుమస్తా హిందీలో ఎంతమంది అని అడిగాడు. మా ఆయన తడుముకోకుండా "తీన్" అన్నారు, ముగ్గురని.

అన్నాక ఆయన మొహం చూశాను. సరిదిద్దుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. గదిలోకి వెళ్ళేసరికి మా పెద్ద మంచం పక్కన చిన్న మంచం వేసి ఉంది. తెల్లటి దుప్పటి పరిచి, చిన్న దిండు పెట్టి, దోమతెర కూడా కట్టారు.

"తీసెయ్యమని చెప్పనా?" అన్నారు ఆయన.

"వద్దండి. ఉండనివ్వండి."

తీసెయ్యమనడానికి నోరు రాలేదు. దాన్ని చూస్తూ ఆ గదిలో ఉండడమూ చేతకాలేదు. అక్కడ ఇంకా ఉండవలసిన రోజులు మిగిలి ఉండగానే, తెల్లవారగానే పెట్టె సర్దేశాను.

రెండో హోటల్లో మా ఆయన జాగ్రత్తగా, రెండు వేళ్ళు చూపించి మరీ, ఇద్దరమే అన్నారు. కొబ్బరితోపులో ఇసుక అంచునే ఉంది ఆ హోటలు. కుళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చేవి. స్నానానికి మనిషి పడుకునేంత పింగాణీ తొట్టె. గోడకు బొత్తాం ఉంది, నొక్కితే మనిషి వస్తాడు. మా ఆయన పని చేస్తుందో లేదోనని నొక్కి చూశారు. వచ్చిన మనిషిని ఏమడగాలో తెలియక మంచినీళ్ళు తెమ్మన్నారు. బల్ల మీద నీళ్ళ కూజా నిండుగానే ఉంది. ఆ మనిషి ఏమీ అనకుండా ఇంకో కూజా తెచ్చిపెట్టాడు. ఆ ప్రయాణంలో నాకు నవ్వు వచ్చింది అప్పుడొక్కసారే. పెదవి దాటి బయటికి రాలేదు.

సాయంత్రం ఇసుకలో కూర్చున్నాం. కొంచెం దూరంలో తెల్లవాళ్ళ కుటుంబం ఒకటి ఉంది. తల్లి పడక కుర్చీలో పుస్తకం చదువుకుంటోంది. నాలుగైదేళ్ళ ఆడపిల్ల, చేతిలో చిన్న బకెట్టుతో, నీళ్ళ అంచున ఆడుతోంది. అల వచ్చి దాని పాదాలు తడిపింది. ఇంకో అల చీలమండ దాకా వచ్చింది. అంతే. ఆ తరవాత నేను ఎలా లేచానో, ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. పట్టుచీర మోకాళ్ళ దాకా తడిసి, పిల్ల నా చంకలో గింజుకుంటూ కేకలు పెడుతుంటే తెలివొచ్చింది. తల్లి పరిగెత్తుకొచ్చి పిల్లను లాక్కుంది. కోపంగా ఏదో అంది. మా ఆయన వచ్చి రెండు చేతులూ జోడించి తెలుగులోనే చెప్పారు. "తప్పుగా అనుకోకమ్మా. మాకూ ఒక పిల్ల ఉండేది."

ఆమెకు ఏం అర్థమైందో తెలియదు. ఆయన మొహం చూసి కోపం మాత్రం తగ్గింది. వెళుతూ వెళుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి నా వంక చూసింది. మర్నాడు ఆమెకు ఎదురుపడే ధైర్యం లేక అక్కడి నుంచీ ముందుగానే బయలుదేరిపోయాం.

దీవికి పడవలో దాటాలి. మనుషులూ సైకిళ్ళూ కోళ్ళగంపలూ అన్నీ ఒకే పడవ. నేను నడిమధ్యన కూర్చుని మా ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆ మూడోది అసలు హోటలు కాదు, పోర్చుగీసు కాలం నాటి పెద్ద భవనం. కిటికీలకు గాజుకు బదులు ముత్యపుచిప్పల రేకులు బిగించారు. వెలుతురు పాలమీగడలా లోపలికి పడేది. గదికొక నగిషీ మంచం. భోజనానికి వెండి చెంచాలు. భర్త పోయిన ముసలి క్రైస్తవ దొరసాని ఒకావిడ కొన్ని గదుల్లో అతిథులను దించుకుని ఆ ఇంటిని నిలబెట్టుకుంటోంది. చిన్నప్పుడు ధార్వాడలో చదువుకుందట, కన్నడం వచ్చు. నాకు సింధనూరు సంతలో బేరాలాడి నేర్చుకున్న కన్నడం కాస్త వచ్చు.

రెండో రోజు పొద్దున్న వాకిట్లో తిన్నె మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ నన్ను పక్కన కూర్చోమంది. నేనూ ఒక గుప్పెడు తీసుకుని ఒలవసాగాను. తల ఎత్తకుండానే అడిగింది.

"మక్కళు ఎష్టు?"

పిల్లలెంతమంది అని. ఏ ప్రశ్నకు భయపడి హోటళ్ళు పట్టుకు తిరుగుతున్నామో ఆ ప్రశ్నే. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. నాకొచ్చిన కన్నడంలో సుతారంగా తప్పించుకునే మాటలు లేవు. వంకాయలూ వడ్లూ కొనడానికి, అమ్మడానికి పనికొచ్చే కన్నడం నాది. దాంతోనే చెప్పాను.

"ఒబ్బళు మగళు ఇద్దళు. నీరల్లి హోదళు."

ఒక కూతురు ఉండేది, నీళ్ళలో పోయింది. తెలుగులో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేని మాట అది. ఆవిడ ఒలవడం ఆపింది. అయ్యో అనలేదు, నా భుజం తట్టలేదు. "హెసరు?" అని పేరు అడిగింది.

చెప్పాను. పిల్ల పోయాక ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు, మేమిద్దరమూ కూడా. ఆవిడ దాన్ని మెల్లగా తిరిగి పలికింది, కొంచెం తప్పుగా. నేను సరిచేశాను. మళ్ళీ పలికింది. ఈసారి సరిగ్గా వచ్చింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఒళ్ళో బఠాణీలు నేల మీద దొర్లిపోయాయి. ఆవిడ నన్ను ఏడవనిచ్చి, గింజలు ఏరుకుంటూ పక్కనే కూర్చుంది.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారని నాకు తరవాత తెలిసింది. ఆ మధ్యాహ్నం ఇద్దరం దీవి చివర, ఉప్పు మళ్ళ గట్టు మీదికి నడిచాం. ఆయనే మొదలుపెట్టారు.

"నేను పొలం పోతుంటే నువ్వు నన్ను అదోలా చూసేదానివి. నాకు తెలుసు."

నేను కాదనలేదు.

"ఆ నీళ్ళే కదే మడికి పెట్టాలి. తూము ఎత్తకపోతే చేను ఎండిపోద్ది. ఎత్తితే అది గుర్తొచ్చేది. గట్టు మీద కూలబడి ఏడ్చుకుని, మొహం కడుక్కుని ఇంటికొచ్చేవాణ్ణి. కడుక్కోడానికీ ఆ నీళ్ళే. ఎవరితో చెప్పుకోను? నువ్వు చూస్తే పలకవు."

"ఇకనుంచి తూము దగ్గరికి నేనూ వస్తాను" అన్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, నా వైపు చూడకుండానే తల ఊపారు.

దీవిలో మిగిలిన రోజులన్నీ పూర్తిగా ఉన్నాం. పొద్దున్నే రొట్టెలవాడు హారను ఊదుకుంటూ వచ్చేవాడు. దొరసాని నాకు చేపల పులుసు గురించి ఏదో చెప్పేది, నేను ఆవిడకు పచ్చిపులుసు పెట్టడం చెప్పాను. బాధ తగ్గిందని అనను. దాన్ని ఇద్దరం చెరో వైపు పట్టుకున్నామంతే. ఆ భవనాన్నీ ఆవిడనూ మళ్ళీ చూడలేదు.

క్యాంపుకు తిరిగి వచ్చిన రోజు నాట్ల మనిషి వచ్చి నా మొహం పరీక్షగా చూసింది.

"ఏం జూసొస్తివమ్మా?"

"సముద్రం చూశాను. దీవి చూశాను."

"గంత నీళ్ళల్ల మంచిగున్నవా?"

"ఉన్నాను" అన్నాను. పిల్లను గట్టు మీదికి తెచ్చిన ఆ చేతులను అప్పుడు నా చేతుల్లోకి తీసుకున్నాను. అంతకుముందు ఆ పని చేయలేకపోయాను. అవి గరుకుగా, చల్లగా ఉన్నాయి.

అన్నట్టుగానే తూము దగ్గరికి ఆయనతో వెళ్ళేదాన్ని. ఒక్కోసారి ఆయన ఎత్తేవారు, ఒక్కోసారి నేను. తరవాత మాకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఎవరైనా పిల్లలెంతమంది అని అడిగితే ముగ్గురు అంటాను, పెద్దది లేదని కూడా చెబుతాను.

మేము గోవా నుంచి వచ్చిన ఆ వేసవిలోనే, ఏటా కట్టినట్టే, కాలవకు నీళ్ళు కట్టేశారు. కొన్నాళ్ళకు అడుగు ఎండి, ఒండ్రు నెరలు విచ్చింది. ఒక సాయంత్రం నేను రేవు మెట్లు దిగి అడుగు దాకా వెళ్ళాను. పైనుంచి చూసి ఎంత లోతో అనుకునేదాన్ని. నిలబడితే గట్టు నా భుజాల దాకా వచ్చింది. క్యాంపు పిల్లలు దూరంగా ఆ ఒండ్రులో గోళీలాడుకుంటున్నారు. మా ఆయన గట్టు మీదికి వచ్చి నన్ను చూశారు. పిలుస్తారనుకున్నాను. పిలవలేదు. చెప్పులు పైన విడిచి, తనూ దిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు. పొద్దు పూర్తిగా వాలాక ఇద్దరం మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళాం.