కుడికాలి భక్తి

ఇశ్రాయేలు ఉపవాసం పట్టాడంటే యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీ మొత్తానికి తెలియాల్సిందే. తెలియకపోతే ఆయనకు ఆ ఉపవాసం అరగదు.

ఆయన ఓ సర్కారు ఆఫీసులో రికార్డు అసిస్టెంటు. వయసు యాభై నాలుగు. చర్చిలో ముందు బెంచీ కుడి కొస ఆయనది. ఈ ఏడు, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదటి రోజు, విభూది బుధవారం నాడు, ఫాదర్ బాలశౌరి నుదుట బూడిదతో సిలువ గుర్తు వేస్తే దాన్ని శనివారం దాకా కాపాడుకున్నాడు. ఆ మూడు రోజులూ స్నానం మెడ వరకే. ఆఫీసులో ఎవరూ అడక్కపోతే తనే నుదురు తడుముకుని "ఏం లేదు, ఉపవాసమున్న" అని చెప్పేవాడు.

ఆ బుధవారమే ఫాదర్ ప్రసంగంలో ఓ మాట చెప్పాడు. ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు మూసుకోండి, ఉపవాసమున్న రోజు మొహం శుభ్రంగా కడుక్కోండి, దేవుడికి తెలిస్తే చాలు అని. ఇశ్రాయేలు తల ఊపుతూ విన్నాడు. వెనక బెంచీల వాళ్ళకు బాగా తగిలిందని సంతోషించాడు కూడా. ఆ సాయంత్రం ఇంటి తలుపు బార్లా తీసి, గుమ్మానికి ఎదురుగా మోకరించి జపమాల చెప్పాడు. మూస్తే గాలాడదట.

మర్నాడే రంజాన్ మొదలైంది. ఎదురింటి జలాలుద్దీన్ లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజులు చేస్తాడు. ఆయన పొద్దంతా నిప్పు ముందు కూర్చుని కూడా తన రోజా ఉపవాసం సంగతి నోటితో ఎత్తడు. ఇశ్రాయేలుకు అది నచ్చలేదు.

"మీది ముప్పై రోజులే జలాల్ భాయ్. మాది నలభై" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"మాషా అల్లా. నీళ్ళు గూడ తాగరా ఇస్రాయేల్ భాయ్?"

"నీళ్ళు తాగుతం."

"చాయ్?"

"చాయ్ గూడ తాగుతం. మేం కూడు వేరే తీరుగ బంద్ పెడ్తం" అని ఇశ్రాయేలు లోపలికి వచ్చేశాడు. సాయంత్రం జలాలుద్దీన్ భార్య సలీమా మాంసం హలీం పంపితే తినేశాడు. తపస్సు కాలమంతా మాంసం ముట్టనని ఆఫీసులో చాటింది నిజమే. కానీ పొరుగువాళ్ళ మనసు నొప్పించడం అంతకంటే పెద్ద పాపం కదా. ఆ పాపం రంజాన్ అయ్యేదాకా ఒక్కసారి కూడా చేయలేదు.

ఇంత తపస్సూ దేనికంటే, ఆత్మ రక్షణకని చెప్పేవాడు. అసలు సంగతి ఒక కుర్చీ. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన గుర్తుగా, పవిత్ర గురువారం సాయంత్రం పీఠం ముందు పన్నెండు కుర్చీలు వేసి, పన్నెండు మందిని కూర్చోబెట్టి, ఫాదర్ వాళ్ళ కుడికాళ్ళు కడుగుతాడు. పదకొండేళ్ళుగా ఇశ్రాయేలు పేరు ఆ పన్నెండింటిలో రాలేదు. ఈసారి రాకపోతే అది దేవుడి పొరపాటేనని ఆయన ఖాయం చేసుకున్నాడు.

ఆ గురువారానికి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు చర్చి గోడకు పేర్లు అంటించారు. ఏడో పేరు దగ్గర ఇశ్రాయేలు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆగమ్మ, ఇశ్రాయేలు భార్య.

ఆగమ్మ ప్రసూతి ఆసుపత్రిలో ఆయా. పొద్దంతా నిలబడే పని. ఆదివారాలు అందరూ వెళ్ళాక పీఠం గుడ్డలు ఇంటికి తెచ్చి ఉతుకుతుంది. ఆ సంగతి ఫాదర్ ఎప్పుడు చూశాడో మరి. ఆమె మాత్రం తన పేరు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గో సంతోషమో, పెళ్ళినాటి మొహం అది. ఇశ్రాయేలు ఆ మొహం చూడలేదు. ఆయన లెక్క వేరే నడుస్తోంది.

"ఫాదర్ మన ఇంటికని రాసిండు. ఇంటికి పెద్ద ఎవరు?" అన్నాడు దారిలో. మలుపు తిరిగాక ఇంకొంచెం మెత్తగా అన్నాడు. "నీ మడిమెలు సూస్కో, ఎట్ల పగిలినయో. ఫాదర్ చేతులకు గుచ్చుకుంటయ్. అందరి ముంగట నీకే నామోషీ."

ఆగమ్మ నడుస్తూ నడుస్తూ తన కాళ్ళకేసి చూసుకుంది. చీర కుచ్చిళ్ళు కొంచెం కిందికి లాక్కుంది. "సరే, నువ్వే పో" అంది.

ఇలాంటి మాట అన్నవాడికి ఆ రాత్రి నిద్ర పట్టకూడదు. ఇశ్రాయేలుకు హాయిగా పట్టింది. సిలువ మార్గం ఐదో స్థలంలో సీమోను ప్రభువు సిలువ మోసినట్టు, తను పెళ్ళాం భారం మోస్తున్నాననుకున్నాడు.

సోమవారం నుంచి ఆయన కాలు తోమే పని ఆగమ్మదే. డ్యూటీ నుంచి వచ్చి, వేణ్ణీళ్ళు కాచి, నిమ్మచెక్కతో, రాయితో రుద్దేది. కడిగేది కుడికాలే కాబట్టి తోమిందీ కుడికాలే. ఎడమకాలిని ఆయన బకెట్ దగ్గరికి కూడా రానివ్వలేదు. దండగ పని. గురువారానికి కుడికాలు పెళ్ళికొడుకులా తయారైంది.

ఏడో కుర్చీలో ఇశ్రాయేలును చూసి ఫాదర్ ఆగాడు.

"ఆగమ్మ గారు రాలేదా?"

"వచ్చింది ఫాదర్. ఎన్కనుంది. మొగుడు పెండ్లాం ఒక్కటే కద."

ఫాదర్ మోకాళ్ళ మీద కూర్చుని, చాచిన కుడికాలు చేతిలోకి తీసుకుని, వేళ్ళూ మడమా చూసి మెల్లగా కింద పెట్టాడు.

"దీన్ని ఎవరో ముందే బాగా కడిగారండీ. రెండోది పెట్టండి."

ఇశ్రాయేలు వినపడనట్టు కుడికాలే మళ్ళీ చాచాడు. ఫాదర్ చెయ్యి చాపి అలాగే ఉన్నాడు. పాట పాడేవాళ్ళు చరణం అయిపోయి ఆగారు. ఇక తప్పక ఎడమకాలు బయటికొచ్చింది. నలుపెక్కిన మడమ, ఎదిగిన గోళ్ళు, వేళ్ళ మధ్య మట్టి. ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. పళ్ళెంలో నీళ్ళ మీద మురికి తేలుతుంటే ఇశ్రాయేలు తల పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడు కనిపించింది ఆగమ్మ. తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎవరూ ఎత్తుకుపోకుండా ఆయన చెప్పులు చేత్తో పట్టుకుంది. అందరూ నవ్వు ఆపుకుంటుంటే ఆమె ఒక్కతే నవ్వలేదు. తన తప్పే అన్నట్టు తల దించుకుంది. ఇశ్రాయేలుకు గుండెలో కలుక్కుమంది. నవ్విన వాళ్ళ వల్ల కాదు, నవ్వని ఆమె వల్ల.

ఇంటికొచ్చి ఆయనే నీళ్ళు కాచాడు. స్టూలు వేసి, టబ్బు పెట్టి, "కూసో, కాళ్ళు పెట్టు" అన్నాడు.

ఆగమ్మ స్టూలుకేసి చూసింది. అది సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఎదుటి అరుగు మీద జలాలుద్దీన్, పక్కన ఇద్దరు ముగ్గురు.

"నాకు కడుగుతున్నవా, ఆళ్ళకు సూపిస్తున్నవా?" అంది.

ఇశ్రాయేలు తలుపుకేసి చూశాడు. స్టూలు అక్కడ తను కావాలని వేయలేదని అనబోయాడు. గుమ్మం నాలుగడుగుల దూరం. వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టాడు. నలభై రోజుల్లో ఆయన చేసిన తపస్సు అదొక్కటే.

పగుళ్ళలోకి నీళ్ళు పోతే మంటకు ఆమె కాలు వెనక్కి లాక్కుంది. ఆయన ఊది, మళ్ళీ నెమ్మదిగా పట్టుకున్నాడు. రెండు కాళ్ళూ కడిగాడు.

"ఆదివారం గిది గూడ అందరికి చెప్తవా?"

"చెప్ప" అన్నాడు.

ఈస్టరు వచ్చి వెళ్ళింది. ఇశ్రాయేలు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. గల్లీకి తెలిసిందంటే, ఆగమ్మ మురిసిపోయి మర్నాడు పొద్దున్నే సలీమాకు చెప్పుకోబట్టే.