కనకాలపేటలో దొంగముడి

మూడేళ్ళుగా యానాం వెళ్ళకుండా తప్పించుకు తిరిగాను. మా మేనత్త కొడుకు సూరిబాబు బావకు మతిమరుపు జబ్బు వచ్చిందని, ఇంటికొచ్చినవాళ్ళను పోల్చుకోవడం లేదని విన్నప్పటినుంచీ భయం. ఏడో తరగతిలో బడి మానేసి తిరుగుతుంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వల అల్లడం నేర్పింది ఆయనే. నా చిన్నప్పటి కోతిపనులన్నీ చూసినవాళ్ళలో ఆయనొక్కడే మిగిలాడు. ఆయన కూడా నన్ను మరిచిపోతే ఆ పనులన్నీ అసలు జరగనట్టే. ఆ సంగతేదో తేల్చుకుందామనే మొన్న ఆదివారం బయల్దేరాను.

కాకినాడలో ఏడున్నరకు బస్సెక్కితే తాళ్ళరేవు మీదుగా గంట ప్రయాణం. టికెట్టు యాభై రూపాయల లోపే. ఎడమవైపు కిటికీ దొరికితే వదలకండి, కోరంగి దాటేటప్పుడు మడ అడవి వైపునుంచి ఉప్పుగాలి తగులుతుంది. యానాంలో దిగి పెసరట్టు తిని, ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను.

"వచ్చినోళ్ళందరూ ముందు చవక మందుషాపెక్కడంటారండి. తమరేంటి, తిన్నగా కనకాలపేటంటారు?" అన్నాడు ఆటో అతను.

"నేను బుర్రల డాక్టర్నండి. ఒకాయన బుర్ర చూడ్డానికొచ్చాను," అన్నాను మొహం బిగబట్టుకుని.

"అయితే మా బామ్మర్దిది కూడా ఓసారి చూద్దురూ. అసలుందో లేదో చెబితే చాలు."

నవ్వుతున్నాడనుకున్నాను. దిగేటప్పుడు నిజంగానే నా ఫోన్ నంబరు అడిగాడు.

అరుగు మీద బావ భార్య సత్యవతక్క చేపలు బాగుచేస్తోంది. "మూడేళ్ళకి దారి తెలిసిందా తమ్ముడూ?" అని దెప్పి, లోపలికి పొమ్మని చేత్తోనే చూపించింది. బావ కుర్చీలో ఉన్నాడు. అక్కడ నేనూ అందరూ చేసే తప్పే చేశాను. ఎదురుగా నిలబడి, "బావా, నేనెవర్ని చెప్పుకో?" అన్నాను.

ఆయన కళ్ళు నా మొహమంతా కంగారుగా వెతికాయి. చివరికి ఎలాగో ఒడ్డున పడ్డట్టు, "కరెంటాయన కదండీ? మీటరు వెనకాలుందండి," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఒరేయ్ అని తప్ప నన్ను పిలవని మనిషి, అండీ అన్నాడు. "అవునండీ," అని వెనక్కి వెళ్ళి మీటరు దగ్గర కాసేపు నిలబడ్డాను. అంకెలేమీ కనబడలేదు.

చెయ్యి కడుక్కుని అక్క అక్కడికే వచ్చింది. "వచ్చినోళ్ళందరూ ఇదే పరీక్ష పెడతారు తమ్ముడూ. తప్పాడో, ఆ పూట అన్నం ముట్టడు. నువ్వు అవునన్నావు కాబట్టి ఇవాళ తింటాడు."

"ఇంకేం మిగల్లేదా అక్కా?"

"వలపని మిగిలింది. పేర్లూ మొహాలూ దాచుకునే అర ఒకటంట బుర్రలో, చేతులు నేర్చుకున్న పని దాచుకునే అర ఇంకోటంట. డాక్టరుగారు చెప్పారు. ఇది ఖాళీ అయినా అది గట్టిగానే ఉందంట."

నిన్నటి చేపల పులుసుతో అన్నాలయ్యాక బావ కిటికీ ఊచకు వల తగిలించి, దారం చుట్టిన చెక్క సూది అందుకున్నాడు. మొహంలో కంగారు లేదు. చూపు వీధి మీద ఉంది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఇంకో సూది తీసుకుని నేనూ రెండో కొస పట్టుకున్నాను.

చిన్నప్పుడు నాకొక కొంటె అలవాటుండేది. వలలో పది కళ్ళు సరిగ్గా అల్లి, పదకొండోదానికి దొంగముడి వేసేవాణ్ణి. చూపుకి ముడిలాగే ఉంటుంది, చేప బరువు పడితే జారిపోతుంది. ఇప్పుడూ అదే చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

వల సర్దుతూ బావ వేళ్ళు నావైపు వచ్చాయి. ఒక్కొక్క ముడినీ నొక్కుకుంటూ వచ్చి, సరిగ్గా అక్కడే ఆగాయి. లాగాడు. జారింది. తల తిప్పలేదు, కళ్ళు ఇంకా వీధిలోనే ఉన్నాయి. ఎడమచెయ్యి మాత్రం గాల్లోకి లేచి తిన్నగా నా చెవి పట్టుకుని మెలిపెట్టింది.

"ఒరేయ్! మళ్ళీ దొంగముడేనా? పడవలో వాళ్ళ కష్టం నీళ్ళపాలు చేస్తావా?"

గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది అక్క. "ఎవరి చెవండీ అది? ఎవరో తెలిసిందా?"

ఆయన నావైపు తిరిగి చాలాసేపు చూశాడు. చెవి వదల్లేదు.

"తెలీదే. కానీ వీడి పక్కన వల వదిలేసి లేవకూడదు," అన్నాడు.

నాలుగు గంటల బస్సుకి తిరిగొచ్చాను. తాళ్ళరేవు దాకా చెవి మండుతూనే ఉంది, తడుముకుంటూనే ఉన్నాను. మనిషి పేర్లు పెట్టుకోవడం నేర్చుకోకముందే చేతులతో పని నేర్చుకుని ఉంటాడు. అందుకేనేమో పోయేటప్పుడు పేర్లు ముందు పోతున్నాయి. బావ బుర్రలో నా పేరున్న అర ఖాళీ అయింది, నిజమే. నా వెధవ్వేషాలు మాత్రం ఆయన వేళ్ళలో భద్రంగా ఉన్నాయి. నాకది చాలు.

మీరూ ఇలాంటివాళ్ళను చూడ్డానికి వెళ్తుంటే ఒక్క మాట. నేనెవర్నని అడక్కండి. వాళ్ళ చేతికి అలవాటైన పనేదో తెలుసుకుని, అందులో మీరూ ఒక చెయ్యి వేసి పక్కన కూర్చోండి. చెవి మాత్రం వాళ్ళకు అందే దూరంలో పెట్టండి.