మేకలు తినే చేప

ఆ రోజుల్లో నా దృష్టిలో చేపలంటే మూడే రకాలు: బొచ్చె, రవ్వ, కొర్రమట్ట. జగిత్యాల పక్క పల్లెలో పుట్టి, సముద్రాన్ని మొట్టమొదట విమానం కిటికీలోంచి చూసినవాడికి అంతకంటే జ్ఞానం ఎక్కణ్ణుంచి వస్తుంది? అలాంటి నేను మస్కట్‌లో ఒక హాలండ్ ఇంజనీరు ఇంట్లో వంటవాడిగా కుదిరాను. ఆ ఊరి శివార్లలోని రుసైల్‌లో, బిల్డింగులు కట్టే సైటులో రెండు ఎండాకాలాలు షటరింగ్ పని చేసి మాడిపోయాక, ఆ ఇంట్లో డ్రైవర్‌గా ఉన్న హైదరాబాద్ భాయ్ నన్ను అక్కడ అంటగట్టాడు. "నీకు చేపల వంట మస్తు వస్తదని చెప్పిన, యాదుంచుకో" అన్నాడు. (చేపల మాట ఎందుకు కలిపాడో ఈరోజుకీ చెప్పడు.) సార్ ఒక నెల చూస్తానన్నాడు. నచ్చితే నా వీసా కాగితాలు తన పేరుకు మార్పించుకుంటాడు, లేకపోతే నేను మళ్లీ సైటుకే.

ఆ నెలలోనే సార్ తల్లి దిగింది. ఎనభై ఏళ్ల మనిషి. మనసులో అవ్వ అని పిలుచుకునేవాణ్ణి. నా కోడికూర చూసి చెయ్యి అడ్డం పెట్టింది, నా పప్పు ఒక చెంచా తిని చెంబెడు నీళ్లు తాగింది. మూడో రోజు సార్ నన్ను పిలిచి ఫోన్‌లో ఒక చేప బొమ్మ చూపించాడు. హెర్రింగ్ అట. దాన్ని ఉప్పులో, వెనిగర్‌లో ఊరబెట్టి తింటారట, పొయ్యి మీద పెట్టనే పెట్టరట. అది ఇక్కడ దొరకదు, దానికి దగ్గరి చుట్టమేదైనా పట్టుకొస్తే అమ్మే చేసుకుంటుంది అన్నాడు. పొయ్యి ఎక్కని చేపను మనిషన్నవాడు ఎలా తింటాడో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెబుదామనుకుంటే సైటు గుర్తొచ్చింది. తలూపాను.

మత్రా చేపల మార్కెట్‌లో ఆ బొమ్మ చూపిస్తే, ప్రతివాడూ అది తన బల్ల మీది చేపేనని ఒట్టేశాడు. నిజానికి నా కళ్లకూ అంతే. అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి, అన్నిటికీ తోకలున్నాయి. మా ఊళ్లో కొర్రమట్ట ఎగిరెగిరి పడుతుంటేనే కొంటాం; ఇక్కడ ఒక్కటీ కదలదు. "భాయ్, గిండ్ల పాణమున్నదొక్కటి లేదేంది?" అంటే, "అరే మియా, సముద్రం చేపరా ఇది, నీ చెరువు చేప కాదు" అని భాయ్ విసుక్కున్నాడు. చివరికి నాకు తోచిన న్యాయం నేను ఆలోచించాను. సార్ తల్లి అంటే ఇంటికొచ్చిన పెద్ద చుట్టం, పెద్ద చుట్టానికి పెద్ద చేపే మర్యాద. నా చెయ్యంత పొడవున్న కింగ్‌ఫిష్ మోసుకొచ్చాను. అవ్వ దాన్ని చూసి, నన్ను చూసి, చిన్నది కావాలని వేళ్లతో చూపించింది. మర్నాడు చిన్నదే తెచ్చాను, కాకపోతే గొప్పవాళ్లు తినే హమూర్ తెచ్చాను. అవ్వ దాని పొట్ట నొక్కి, వాసన చూసి, పెదవి విరిచింది. బాగా కొవ్వుండాలట, వాసన రావాలట. వాసనొచ్చే చేప కావాలని అడిగిన మనిషిని అంతకుముందు నేనెక్కడా చూడలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు, ఒక మూల ఒమానీ తాత దగ్గర జానెడు కూడా లేని సార్డీన్లు కుప్పగా కనిపించాయి. వాసన పది అడుగుల అవతలి నుంచే పలకరిస్తోంది. నేను చెయ్యి చాపబోతే తాత నవ్వి, ఇవి ఎండబెట్టి మేకలకూ ఒంటెలకూ వేస్తాం, నీకెందుకని హిందీలో అడిగాడు. (చేపలు తినే మేకలుంటాయన్న సంగతి జీర్ణించుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.) "గవే తీస్కోరాదు" అన్నాడు భాయ్. "సార్ తల్లికి మేకల దాణా పెట్టాల్నా? నాకేమన్న పిచ్చి లేసిందా?" అని ఎగిరిపడి, మళ్లీ ఒక ఖరీదైన చేపే కొన్నాను. ఆ సాయంత్రం సార్ దాన్ని చూసి, గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

శుక్రవారం అవ్వే కర్ర పట్టుకుని కారెక్కింది. మార్కెట్‌లో కింగ్‌ఫిష్‌ను దాటింది, హమూర్‌ను దాటింది, నేరుగా మేకల కుప్ప దగ్గరికి వెళ్లి ఒక సార్డీన్ పొట్ట నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. "ఎన్ని మేకలున్నాయి ఇంట్లో?" అని తాత నన్ను అడిగాడు. నేను సంచీ మూతి తెరిచి పట్టాను.

ఇంటికొచ్చి నేను చేపలు శుభ్రం చేస్తే, ఆవిడ ఉప్పులో ఊరబెట్టి, వెనిగర్, ఉల్లిపాయ, చక్కెర, మిరియాలతో సీసాకెత్తింది. అవి ఊరే నాలుగు రోజులూ ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ సీసాకు దండం పెట్టుకున్నాను. ఐదో రోజు అవ్వ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, కొడుకుతో ఏదో అంది. "ఇది హెర్రింగ్ కాదంటోంది" అన్నాడు సార్. నా కళ్ల ముందు షటరింగ్ చెక్కలు కదిలాయి. ఇంతలో అవ్వ రెండో ముక్క తీసుకుంది. మూడోదీ తీసుకుంది. నాలుగోది నా నోటికి అందించింది, వద్దనలేక మింగాను. వారం తిరక్కుండానే సీసా ఖాళీ అయింది, సార్ నా పాస్‌పోర్టు కాపీ అడిగాడు.

పోయినేడు సెలవు మీద ఇంటికి వెళ్లాను. నా భార్య కొర్రమట్ట పులుసు పెట్టింది. అది తింటూ ఉండగానే, ఆ ఇంట్లో సీసా మీద సీసా పెడుతూ ఇన్నేళ్లలో అలవాటైపోయిన ఆ పుల్లటి సార్డీన్ మీదికి మనసు పోయింది. జగిత్యాల మార్కెట్‌కు వెళ్లి చేపలమ్మే అక్కకు ఫోన్‌లో బొమ్మ చూపించాను. "గసొంటి వాసనచ్చే చేపలు ఎవలకే అన్నా? పిల్లినేమన్న సాదుతున్నవా?" అంది. మేకల దాణా అని ఎగిరిపడ్డ ఆ వంటవాడు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఐసు పెట్టెలో దొరికిన సముద్రం చేపలేవో తెచ్చి, అవ్వ చేసినట్టే సీసాకెత్తి, నాలుగు రోజులాగి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.

"ఎట్లున్నది?" అంది నా భార్య, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"గది కాదే" అన్నాను, రెండో ముక్క తీసుకుంటూ.