సిపీవో బాబాయ్ గొంతు

సిపీవో బాబాయ్‌కి గుసగుసలాడ్డం రాదు. దక్షిణాఫ్రికాలోని మ్దాంత్సానేలో ఆయన "నీకొక్కదానికే చెబుతున్నా" అంటే రెండు వీధుల వాళ్లు పనులాపి వినేవాళ్లు. చర్చిలో ఎవరి ప్రార్థన వాళ్లు మనసులో చేసుకోమంటే, ఆయన మోకాలి నొప్పికి పాస్టరుగారే ఆమెన్ అనాల్సొచ్చేది. బట్టల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి బాయిలర్ పక్కన నిలబడ్డంతో గొంతు అలా అయిందని ఆయనంటాడు. పుట్టినప్పుడూ ఇంతేనని వాళ్లమ్మ అంటుంది.

అందుకే వుయెల్వా ఆయన కనబడితే తప్పుకుంటోంది. అదే ఫ్యాక్టరీలో ఆమెది కుట్టుమిషను పని. ఆర్డర్లు తగ్గి, వారానికి మూడురోజులే రమ్మన్నారు. అలా కోతపడ్డ జీతంలో కొంత నిరుద్యోగ బీమా కింద ఇస్తారు, కార్మికాఫీసుకి వెళ్లి అడగాలి. ఎలా వెళుతుంది? చర్చి మహిళాసంఘం తరఫున లేనివాళ్లకి మొక్కజొన్నపిండి పంచే మనిషి తను. పనిలేని రోజున కూడా అత్తగారికి తెలియకుండా టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి, బస్టాండులో కూర్చుని, సాయంత్రం అలిసిపోయినట్టు ఇంటికొచ్చేది.

ఒక గురువారం టాక్సీ వ్యానులో దొరికిపోయింది.

"ఏమ్మాయ్ వుయెల్వా, ఎక్కడికి?"

"ఊరికే. కాస్త మెల్లగా, బాబాయ్."

"మెల్లగానే కదా అడిగాను." డ్రైవరు ఇక వినపడదని పాట ఆపేశాడు. "నేను కార్మికాఫీసుకి. పని తగ్గించేశారు కదా, బీమా అడుగుదామని. సిగ్గెందుకు? మన జీతంలోంచి పట్టుకున్నదేగా."

వ్యానంతా నవ్వింది. ఆఫీసు దగ్గర ఆయన దిగితే, తలగుడ్డ కళ్లదాకా లాక్కుని వుయెల్వా కూడా దిగింది.

ఆఫీసులో పెద్ద వరస. "జరగండి తల్లీ, సగం పని పోయినవాణ్ణి వచ్చాను," అని బాబాయ్ అరిచాడు. అందరి చూపూ ఆయన మీదే. ఆయన వెనక నిలబడ్డ వుయెల్వాని ఎవరూ చూడలేదు, ఒక్క మాద్లోమో తప్ప. ఆవిడ మహిళాసంఘం అధ్యక్షురాలు. పేపరు చాటున నిలబడి ఉంది. ఇద్దరూ చెరో పక్కకి తల తిప్పుకున్నారు.

బాబాయ్ వంతు వచ్చింది. కిటికీ లోపలి పిల్ల నిట్టూర్చింది.

"మళ్లీ మీరా బాబాయ్? బాయిలర్ ఆర్పరు కదా, మీకు పని తగ్గలేదు. పోయినవారమే చెప్పాను. రాత్రంతా డ్యూటీ చేసి, నిద్ర మానుకుని ఇక్కడికెందుకు?"

బాబాయ్ అద్దం మీదికి వంగాడు. "కాస్త మెల్లగా, తల్లీ. నేనూ తమలో ఒకణ్ణనుకునే వీళ్లంతా ధైర్యంగా నిలబడ్డారు. వింటే వెళ్లిపోతారు."

అది ఆయన గుసగుస. గేటు దగ్గర కాపలావాడు కూడా విన్నాడు.

వరసలోంచి ఒక్కరూ కదల్లేదు. వుయెల్వా ముఖం వేడెక్కింది. ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగింది ఈయన నించా?

"జరుగు బాబాయ్," అంది. "వెళ్లి కూర్చో. నా వంతు."

బాబాయ్ బల్ల మీద కూలబడ్డాడు. మరుక్షణమే గురక మొదలైంది. కిటికీ అద్దాలు అదిరాయి.

"పేరు?" అంది పిల్ల. వుయెల్వా చెప్పింది. "ఏమీ వినపడ్డం లేదక్కా. ఆయన్ని లేపమంటారా?"

"పడుకోనీ. నేనే గట్టిగా చెబుతాను," అంది వుయెల్వా, చెప్పింది కూడా.

"నా పేరు కూడా రాసుకో, దీని పేరు వెనకాలే," అంది మాద్లోమో, అంతకన్నా గట్టిగా.