ఎడమ పక్క మూడువందల మీటర్లు

2023 ఆగస్టులో నేను పదకొండు రోజులు ఉత్తర ధ్రువపు సముద్రంలో ఓడ మీద గడిపాను. అప్పటికి నాకు డెబ్భై మూడేళ్ళ నాలుగు నెలలు. కెనడాలో, రెజైనా ఆసుపత్రిలో నాతో పాటు చాలా ఏళ్ళు పని చేసిన నర్సు ఒకామె నాతో రావలసింది. ఆమె మోకాలి ఆపరేషన్ తేదీ సరిగ్గా అదే వారంలో పడింది. అందుకని ఒక్కదాన్నే బయల్దేరాను. ఆటవా నుంచి విమానంలో రెసల్యూట్ అనే చిన్న ఊరికి తీసుకెళ్ళి, అక్కడ ఒడ్డు మీద మాకు లైఫ్ జాకెట్లు తొడిగి, పదేసి మందిని రబ్బరు పడవల్లో ఓడకి చేర్చారు. మొత్తం నూట పన్నెండు మంది ప్రయాణికులం. ఆ మధ్యాహ్నం మూడు డిగ్రీలుంది. ఎటు చూసినా బూడిదరంగు గులకరాళ్ళు తప్ప ఒక్క చెట్టు లేదు.

నా దగ్గర ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. టైము, చూసింది, ఎన్ని, అంతే రాస్తాను. చూసిన వెంటనే రాయాలి, గుర్తుంచుకుని తర్వాత రాయకూడదు. ఇది వార్డులో పట్టిన అలవాటు. రిటైరయ్యాక జ్వరాలూ నాడులూ పోయి, వాటి స్థానంలో మా వీధిలో మంచు పడిన రోజులు, పెరట్లో వాలిన పిట్టలు వచ్చాయి.

రెండో రోజు పొద్దున్న పుస్తకం తీసుకుని బ్రిడ్జికి వెళ్ళాను. ఓడ నడిపే గది అది. మాట్లాడకుండా నిలబడతామంటే ప్రయాణికుల్ని రానిస్తారు. ఎడమ కిటికీ దగ్గర బూడిదరంగు టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి నీళ్ళ మీంచి కళ్ళు తిప్పకుండా నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఐదేసి నిమిషాలకొకసారి అట్ట మీది కాగితంలో ఏదో రాస్తోంది. అరగంట అయ్యాక పెన్ను మూసి నా వైపు తిరిగింది. తెలుగులో రాసిన నా పుస్తకం ఆమెకి తలకిందులుగా కనిపిస్తోంది.

"మీరు తెలుగా ఆంటీ?" అంది.

"అవునమ్మా. మీదే ఊరు?"

"భీమవరం దగ్గర. మా నాన్నకి చేపల చెరువులున్నాయి ఆంటీ. కొంగలొచ్చి చేపపిల్లల్ని తినేస్తున్నాయని చిన్నప్పుడు టపాకాయలు కాల్చి తోలేవాళ్ళం. ఇప్పుడు పక్షుల్ని లెక్కపెట్టడానికి ఇంత దూరం వచ్చానంటే నాన్న ఫోన్లో ఒకటే నవ్వు."

వాటర్లూ యూనివర్సిటీలో మాస్టర్స్ రెండో ఏడాది చదువుతోందట. ఆ రెండు మూడేళ్ళలో రెజైనాలో కూడా ఎక్కడ చూసినా మన పిల్లలే కనిపించేవారు, బస్సులో, కాఫీ కొట్లో, మా చర్చిలో వెనక వరసలో. అడిగితే కంప్యూటర్లు, లేకపోతే బిజినెస్. పక్షుల మీద చదివే పిల్లని చూడడం నాకదే మొదలు.

ఆమె పని ఏమిటో అడిగి తెలుసుకున్నాను. ఓడ నడుస్తున్నప్పుడు అరగంట పాటు ఒక పక్కనే చూడాలి. ఆమెది ఎడమ పక్క. ఓడ నుంచి మూడువందల మీటర్ల లోపు కనబడిన సముద్రపక్షులే లెక్కలోకి వస్తాయి. అంతకన్నా దూరంలో వెయ్యి ఉన్నా రాయకూడదు. అలాంటి అరగంట ఒక సర్వే. ఈ ప్రయాణంలో తక్కువలో తక్కువ ఇరవై నాలుగు సర్వేలు కావాలని ప్రొఫెసర్ చెప్పాడు. అవి లేకపోతే థీసిస్ నిలబడదు, ఇంకో వేసవి దాకా ఆగాలి.

"నా స్టడీ పర్మిట్ డిసెంబర్‌తో అయిపోతుంది ఆంటీ. ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసి, అది వచ్చేదాకా కూర్చుని, మళ్ళీ ఓడలో సీటు దొరికి... అవన్నీ అయ్యేవి కావు. ఇరవై నాలుగూ ఇప్పుడే చేసుకోవాలి."

ఓడలో మరో తెలుగువాడు కూడా ఉన్నాడు. ఆటవా పక్కన కనాటా అనే చోట సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుట్టింది హైదరాబాదు. మెడలో చంటిపిల్లంత లెన్సు వేలాడుతూ ఉండేది. భోజనాల దగ్గర మా బల్లకే వచ్చేవాడు.

"ఏమ్మా, ఇయ్యాల ఎన్నొచ్చినయ్ నీ పక్షులు?" అనేవాడు ఆ అమ్మాయితో. "పెద్దవి గాదు, చిన్నచిన్నవే దొరుకుతున్నయా? మాకేమో తెల్ల ఎలుగుబంటి జూపిస్తమని చెప్పి పట్టుకొచ్చిన్రు."

"బేర్ నా లెక్కలో లేదు అంకుల్."

"మరి ఆంటీ బుక్కుల ఉంటది. ఆంటీ, నేను ఎన్ని ఇడ్లీలు మిస్సయిన్నో గూడ రాస్తున్నరా?"

"రాయడం లేదు. కాఫీ ఎన్ని తాగారో రాస్తున్నాను, ఇవాళ్టికి ఐదు," అన్నాను. ఆ తరువాత నా ముందు తాగడం తగ్గించాడు.

మూడో రోజు లాంకాస్టర్ సౌండ్ అనే జలసంధిలో గాలి లేచింది. ఓడ పక్కకి వాలి, ఒక క్షణం ఆగి, మళ్ళీ లేచేది. మధ్యాహ్నం భోజనానికి నలభై ఒక్క మందే వచ్చారు. నాకు సముద్రం పడుతుంది. అందుకని వెనక డెక్కు మీద కూర్చున్నాను. ఫుల్మార్ అనే పక్షులు వచ్చాయి. గువ్వకున్నట్టే మెడ, బిరుసైన రెక్కలు, ఆడించకుండా గాలి మీద జారుతూ కెరటం అంచుకి అంగుళం దూరంలో వెళ్తాయి. రెండున్నర నుంచి మూడున్నర దాకా నూట నలభై రాసుకున్నాను. అంత ఉత్సాహంగా చాలా కాలంగా ఏదీ లెక్కపెట్టలేదు.

ఐదో రోజు సముద్రం నెమ్మదించింది. ఆ అమ్మాయి కాగితాల మీది లెక్కలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలి. కాగితమూ తెరా మార్చి మార్చి చూస్తే ఆమెకి తల తిరుగుతోంది. "మీరు చదవండి ఆంటీ, నేను టైప్ చేస్తా," అంది. లైబ్రరీ గదిలో కూర్చుని చదివాను. మూడో రోజు కాగితాల దగ్గరికొచ్చాం. రెండున్నర నుంచి మూడు, ఆరు గడుల్లోనూ సున్నాలు. మూడు నుంచి మూడున్నర, మళ్ళీ సున్నాలు.

నేను ఆగి నా పుస్తకం తెరిచాను. "ఆ గంటలో నాకు నూట నలభై ఉన్నాయమ్మా."

ఆమె చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. "నేను పైకి రాలేదు ఆంటీ," అంది. "కేబిన్‌లో బాత్రూం నేల మీద పడున్నా. లేవలేకపోయా."

"మరి ఖాళీగా వదిలెయ్యకపోయావా?"

"బ్లాంక్ పెడితే పని ఎగ్గొట్టాననుకుంటారు. అసలే వాళ్ళు నాకీ సీటు ఇవ్వడమే ఎక్కువ. జీరో అయితే పక్షులు లేవనుకుంటారు, అంతే కదా. ఎవరికి నష్టం?"

ఆమెకి నా సంగతి ఒకటి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. మిషను ఆసుపత్రిలో నర్సు చదువు రెండో ఏడాది, కాన్పుల వార్డు. కాన్పయిన వాళ్ళకి మూత్రం ఎంత వచ్చిందో కొలిచి చార్టులో వెయ్యాలి. ఒక మధ్యాహ్నం ఒకామెకి కొలవడం మరిచిపోయాను. గడి ఖాళీగా కనబడితే మేట్రనమ్మ అందరి ముందూ నిలబెట్టేది. సున్నా వేశాను. డాక్టరుగారు వచ్చి చార్టు చూసి, మూత్రం ఆగిపోయిందనుకుని గొట్టం వేయించారు. ఆమెకి ఏ జబ్బూ లేదు. నొప్పికి నా చెయ్యే పట్టుకుంది. నేను పట్టుకోనిచ్చాను, నోరు తెరవలేదు.

"ఖాళీ గడి అంటే తెలియదని. సున్నా అంటే చూశాను, లేదని," అన్నాను. "ఆ రెండూ ఒకటి కాదు."

ఆ అమ్మాయి నా పుస్తకం తన వైపు తిప్పుకుంది. తరువాత, "అయితే మీ నంబర్ ఇవ్వండి ఆంటీ, అదే వేసేద్దాం. మీరు నిజంగా చూశారు కదా," అంది.

ఒప్పుకోబోయాను. నా అంకె ఒక చదువులోకి ఎక్కుతుందంటే సంతోషమే కలిగింది, దాచడం దేనికి. అంతలో ఆమే అడిగింది. "ఏ పక్క చూశారు?"

"వెనక డెక్కు నుంచి. రెండు పక్కలా."

"వెనకాలా?" కళ్ళు మూసుకుని నవ్వింది. "ఆంటీ, ఫుల్మార్లు ఓడని ఫాలో అవుతాయి. ఒక రౌండు కొట్టి ముందుకెళ్ళి మళ్ళీ వస్తాయి. అవి అవే. మీరు చూసినవి ఒక పది, పన్నెండు ఉంటాయేమో. వాటినే గంటసేపు లెక్కపెట్టారు."

నా పుస్తకంలో ఆ పేజీ మీద మూలకి మూల గీత కొట్టాను. కిందన తేదీ వేసి, ఎందుకు కొట్టానో రాశాను. వార్డులో పది మంది రోగుల్నే నూట నలభై మందిగా చేర్చుకున్నట్టే కదా అది.

"నీ కాగితం కూడా ఇలాగే చెయ్యి. నేను పక్కనే ఉంటాను," అన్నాను.

ఆ సాయంత్రం ఆమె ప్రొఫెసర్‌కి ఈమెయిల్ రాసింది. రెండు సర్వేలు చేయలేదని, సున్నాలు వేయడం తన తప్పని, ఇంకేమీ కలపకుండా ఐదు వాక్యాలు. ఓడలో ఇంటర్నెట్ ఎప్పుడు పని చేస్తుందో తెలియదు. జవాబు కోసం మూడు రోజులు ఎదురు చూసింది. సర్వేలు మాత్రం ఆపలేదు. నిద్ర తగ్గి కళ్ళ కింద నీలంగా అయింది. ఏడో రోజు డెవన్ దీవి పక్కన రబ్బరు పడవలోంచి అందరం ఎలుగుబంటిని చూశాం. మంచుకన్నా పసుపుగా ఉంది, పాత దిండు రంగు. వాసన పట్టడానికి మెడ చాచి మా వైపు పదకొండు నిమిషాలు చూసి, ఆసక్తి పోయి పడుకుంది. కనాటా ఆయన ఫోటోలు తీయడం మరిచిపోయి పడవ అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ అమ్మాయి ఎలుగుబంటి వంక చూస్తూనే, "నన్ను పంపించేస్తారేమో ఆంటీ," అని నెమ్మదిగా అంది.

ఎనిమిదో రోజు జవాబొచ్చింది. ఆ రెండూ తీసేయమన్నాడు. చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. అవి తీసేస్తే అప్పటికి ఆమెకి ఇరవై రెండు మిగిలాయి; ఓడ దిగేలోగా ఇరవై నాలుగూ చేయగలిగితే మంచిదని అతను రాశాడు. చేయలేకపోతే ఏమిటో రాయలేదు.

తొమ్మిదో రోజంతా పొగమంచు. మూడువందల మీటర్లు కనబడకపోతే సర్వే చేయడానికి లేదు. పదో రోజు మాకు ఆఖరు. సాయంత్రం పాండ్ ఇన్‌లెట్ అనే ఊరి దగ్గర లంగరు వేస్తారు, మర్నాడు విమానం. ఆ పొద్దున్న మంచు విడిపోయింది. పది గంటలకి ఇరవై మూడోది అయింది. మూడుంబావుకి ఇరవై నాలుగోది మొదలుపెట్టింది. ఇరవై ఒక్క నిమిషాలు గడిచాయి. కుడి పక్క నుంచి కేకలు వినబడ్డాయి. తిమింగలాలు, మూడు. ఓడ వేగం పడిపోయింది. తిమింగలం దగ్గరున్నప్పుడు ఓడ నెమ్మదించి తీరాలి, అది నియమం. ఓడ నెమ్మదిస్తే సర్వే చెల్లదు, పక్షులు దాని చుట్టూ చేరతాయి కనుక. అదీ నియమమే.

ఆమె కాగితం మీద టైము రాసి, ఆగింది అని రాసి, పెన్ను మూసింది.

"రామ్మా," అని మా ఇద్దరికీ బయట డెక్కు మీద కుడి పక్కన చోటు చేశాడు కనాటా ఆయన. బోహెడ్ తిమింగలాలవి. నల్లటి వీపు నీళ్ళలోంచి మెల్లగా లేచి, ఊపిరి వదిలితే ఆ చప్పుడు మన పొట్టలో తెలుస్తుంది. ఒకటి తోక ఎత్తింది. నీళ్ళు దాని అంచుల నుంచి తెరలా జారాయి. ఆ అమ్మాయి రెండు చేతులూ కటకటాల మీద పెట్టి, మెడలో బైనాక్యులర్స్ ఉన్నా ఎత్తకుండా చూసింది. ఆ ప్రయాణం మొత్తంలో ఆమె మరో ఆలోచన లేకుండా ఒక ప్రాణిని చూడడం నాకు అప్పుడే కనబడింది.

నాకు మాత్రం గడియారమే కనబడుతోంది. యాత్ర నడిపే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఇక్కడి నుంచి లంగరు వేసే చోటికి ఎంతసేపు అని అడిగాను. బయల్దేరాక నలభై నిమిషాలంది. అంతసేపూ మామూలు వేగమేనా అన్నాను. ఆఖరి పది నిమిషాలూ తగ్గిస్తాం అంది. ఆ అమ్మాయి సంగతి చెప్పాను. ఆవిడ ఒకసారి అటు చూసి, తిమింగలాలు వెళ్ళిపోగానే నేనే కెప్టెన్‌తో మాట్లాడతాను, కానీ లంగరు వేసేటప్పుడు బ్రిడ్జిలో బయటివాళ్ళు ఉండకూడదు, బయట డెక్కు మీద నిలబడండి అంది.

డెక్కు మీద గాలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆమె చూడాలి, నేను రాయాలి అనుకున్నాం. "మీరు నీళ్ళ వైపు చూడకూడదు ఆంటీ. మీకేదైనా కనబడ్డా చెప్పకూడదు," అంది. సరేనన్నాను. వీడ్కోలు పార్టీకి పైకొచ్చే వాళ్ళని కనాటా ఆయన మెట్ల దగ్గరే ఆపాడు. "అటు దిక్కు పోకున్రి సార్, ఎగ్జామ్ నడుస్తుంది," అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పడం వినబడింది.

సరైన వేగం అందుకున్నామని బ్రిడ్జి నుంచి చెయ్యి ఊపారు. నాలుగు ఇరవై రెండు. నేను కాగితం వంకే చూశాను. "ఫుల్మార్, రెండు, నీళ్ళ మీద." రాశాను. "మర్, ఒకటి, ఎగురుతూ." మర్ అంటే నలుపూ తెలుపూ సముద్రపక్షి. రాశాను. "మూడో గడిలో ఏమీ లేదు, చూశాను, సున్నా," అంది. రాశాను. నా ఎడమకి ఏదో గుంపుగా తెల్లగా కదిలింది. తల తిప్పలేదు. అది మూడువందల మీటర్ల లోపలో బయటో నాకు తెలియదు. ఆమె దాని గురించి ఏమీ అనలేదు.

ఇంజన్ చప్పుడు మారింది.

"ఎంతయింది ఆంటీ?" అంది, అప్పటికీ నీళ్ళ మీంచి కళ్ళు తీయకుండా.

"నాలుగు యాభై రెండు దాటి ఇరవై సెకన్లు."

ఆమె అట్ట తీసుకుని, గడులన్నీ ఒకసారి వేలితో చూసుకుంది. చూసినవారు అన్నచోట తన పేరు, రాసినవారు అన్నచోట నా పేరు రాసింది. తరువాత ఉన్నచోటనే తడి డెక్కు మీద చతికిలబడి, కాళ్ళు చాపింది.

"పొద్దున్నించీ ఏం తినలేదు ఆంటీ," అంది. "కింద ఇంకా ఏమన్నా ఉంటుందంటారా?"

"సూపు ఉంటుంది. లే," అన్నాను. లేవడానికి చెయ్యిచ్చాను. ఇద్దరి వేళ్ళూ పట్టు దొరకనంత చల్లగా ఉన్నాయి. రెండోసారికి లేచింది.