కూతకు బదులు రాకపోతే

ఆ ఎండాకాలం నాకొక పిచ్చి పట్టింది. భద్రాచలం బస్సులో పక్కన ఏ ఆడమనిషి కూర్చున్నా రెండు మాటలు కలిపి, "ఒంటరిగా పోయేటప్పుడు ఎవడైనా వెంటపడితే ఏం చేస్తావమ్మా?" అని అడిగేదాన్ని. కొత్తగూడెం గని క్వార్టర్స్ నుంచి వచ్చే ఒకావిడ కొంగులోంచి వేలెడు పొడుగు పిన్నీసు తీసి చూపించింది. మిరపకాయలు తొడిమలు తీసే పనికి పోయే ఇంకొకావిడ "నాకు ఈ చేతులే చాలు" అని వేళ్లు నా ముక్కు దగ్గర పెట్టింది. సారపాక దాకా తుమ్ముతూనే ఉన్నాను. నా తుమ్ములకు దడుచుకుని డ్రైవరు మూడుసార్లు బ్రేకు వేశాడని తర్వాత అందరికీ చెప్పాను. అది అబద్ధం. ఒక్కసారే వేశాడు.

నేను కుట్టు నేర్పే పంతులమ్మను. భద్రాచలానికి ఇవతల, రోడ్డు పక్క ఊళ్లో రెండు గదుల సెంటరు, ఎనిమిది మిషన్లు. చుట్టూ గూడేల నుంచి ఆడపిల్లలు వచ్చేవాళ్లు. కుట్టు తిన్నగా రావాలంటే పిల్లలు కదలకుండా కూర్చోవాలి, కూర్చోవాలంటే కథ కావాలి. అందుకని చెప్పేదాన్ని. ఒకసారి ఎలుగుబంటి ఎదురైతే మెడలో టేపు తీసి దాని ఛాతీ కొలిచానని, అది సిగ్గుపడి వెళ్లిపోయిందని. అందరూ వినేవాళ్లు. ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచినా ఒక అమ్మాయి మిషను దగ్గరే ఉండిపోయింది. పంతొమ్మిదేళ్లుంటాయి. గూడెం పిల్ల, కుట్టులో చెయ్యి చాలా శుభ్రం.

"టీచరమ్మా, ఒక ముచ్చట చెప్త. ఎవ్వరికి చెప్పొద్దు."

"మరి నాకెందుకే చెప్పడం?"

"నువ్వు చెప్పినా ఎవ్వరు నమ్మరు గద."

వాళ్ల గూడెం నుంచి రోడ్డుకు రెండు కిలోమీటర్ల బాట. ఒక పక్క జామాయిల్ తోట, ఒక పక్క అడవి. వెదురు లారీల మీద పని చేసే మేస్త్రీ ఒకడు పది రోజులుగా పొద్దున్నే మోటారు సైకిలు మీద ఆమె వెంట వస్తున్నాడు. మొదట "ఎక్కు, దింపుత" అన్నాడు. తర్వాత బండి బాటకు అడ్డం పెట్టాడు. నిన్న బ్యాగు పట్టుకుని గుంజాడట.

"ఇంట్లో చెప్పవే."

"చెప్తే రేపట్నుంచి పోకు అంటరు. పరీక్ష నెల రోజులుంది. పాసైతే హాస్టలు పిల్లల బట్టలు కుట్టే పని ఇస్తమన్నరు. బంద్ పెడితే గంతే గద."

అదీ నా బస్సు పిచ్చికి మూలం. విన్నదంతా తెచ్చి ఆ పిల్లకు ఒప్పజెప్పేదాన్ని. పిన్నీసు ఇస్తే పెట్టుకుంది. "ఆడు రాంగనే తీయబోయిన టీచరమ్మా. కింద పడ్డది" అంది మర్నాడు. అప్పుడు అనిపించింది, అసలు ఆ బాట ఎలా ఉంటుందో నేను చూడనే లేదు కదా అని.

మొదటి బస్సుకు వెళ్లి ఆ గూడెం బాట మొదట్లో దిగి, లోపలికి నడిచాను. సగం దూరంలో అమ్మాయి ఎదురొచ్చింది. ఆ రోజు వాడింకా రాలేదు. బీడీలకు తునికాకు కోసే రోజులవి. అడవిలో మనుషులు కనబడరు గానీ కుడివైపు ఎక్కడో "కూ..." అని ఒక గొంతు లేచింది. ఎడమవైపు నుంచి ఇంకొకటి బదులిచ్చింది.

"ఏంటే అది?"

"కూత. ఆకు చూసుకుంట చూసుకుంట దూరం పోతరు గద. ఒకరు కూత పెడితే విన్నోళ్లు పలకాలె. ఎవరు యాడున్నరో ఎర్కైతది."

నాకు ఆగుతుందా? రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి గట్టిగా ఒక కూత పెట్టాను. కుడి నుంచి బదులొచ్చింది. ఎడమ నుంచి వచ్చింది. వెనక నుంచి కూడా వచ్చింది. ఒక్క మనిషి కనబడని అడవిలో ఇన్ని గొంతులా! మురిసిపోయి నిలబడ్డాను.

"టీచరమ్మా, పలుకు!" అమ్మాయి నా చెయ్యి లాగింది.

"ఉండవే, ఎంతమందో లెక్కపెడుతున్నా."

వాళ్లు రెండోసారి పిలిచారు. ఆ తర్వాత అడవి మొత్తం ఒక్కసారి గమ్మునైపోయింది. ఇంకో క్షణానికి నాలుగు దిక్కులా కొమ్మలు విరుగుతున్న చప్పుడు. కొడవళ్లు పట్టుకుని పదకొండు మంది ఆడవాళ్లు బాట మీదికి దూకారు. ముందున్న ముసలామె రొప్పుతూ అడిగింది.

"ఎవరు పడ్డరు? ఎలుగా? పామా?"

కూత పెట్టిన మనిషి రెండు పిలుపులకు పలకలేదంటే ఆపదలో ఉన్నట్టు. అది వాళ్ల కట్టుబాటు. నాకేం తెలుసు?

"ఏం కాలేదు. ఎంతమంది ఉన్నారో చూద్దామని..."

"సూడు! కండ్ల నిండ సూసుకో! ఆకంత ఆడ్నే పారేసి ఉరికొచ్చినం."

ఒకావిడ కాలిలో ముల్లు దిగి నెత్తురు కారుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"నువ్వు కథల టీచరమ్మవే గద? ఇయ్యాల పులి గిన ఎదురైందా ఏంది?" అంది ముసలామె. అందరూ నవ్వారు. నిజం చెప్పొద్దని అమ్మాయి మాట, అల్లుదామంటే అబద్ధమూ తట్టలేదు.

"పులి గాదవ్వా. బండోడు," అంది అమ్మాయి.

మిగతాదంతా వాళ్ల భాషలో చెప్పింది. బండి, బ్యాగు అన్న మాటలు తప్ప నాకేమీ తెలియలేదు. నవ్వులు మాత్రం ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ గుంపులో అమ్మాయి చిన్నమ్మ కూడా ఉంది. నాకూ తెలియాలనేమో తెలుగులోనే, మేం భయపడిన మాటే అంది.

"రేపట్నుంచి పోకు. కుట్టు రాకుంటే మనం బతకమా?"

ముసలామె ఆమె వైపు తిరిగింది. "ఎలుగొస్తదని ఆకుకు పోవుడు మానినమా మనం?" తర్వాత అమ్మాయితో, "ఆడు బండి ఆపంగనే కూత పెట్టు. మేం పలుకుతం. నువ్వు పలకకు" అంది.

"ఆకు కోత అయిపోయాక?" అన్నాను నేను.

"అడవిల ఎప్పుడూ ఎవరో ఒకరం ఉంటం. నీకు కనబడం, గంతే."

మూడో రోజు అమ్మాయి గంట ఆలస్యంగా వచ్చింది. వాడు బండి అడ్డం పెట్టాడట. ఆమె కూత పెడితే "ఎవర్ని పిలుస్తున్నవే?" అని నవ్వాడట. బదులు రెండుసార్లు వచ్చింది. ఈమె పలకలేదు. కొమ్మలు విరిగిన చప్పుడుకు వాడు బండి తిప్పబోయాడు, అది స్టార్టు కాలేదు. ముసలామె తాళంచెవి తీసి చేతిలో పెట్టుకుని, వాడితో బండిని రోడ్డు దాకా తోయించింది. పక్కన కొడవళ్లతో పది మంది. లోడింగు దగ్గరున్న లారీల యజమానికి తాళంచెవి ఇచ్చి, జనం అందరి ముందూ వాడు చేసిందంతా చెప్పిందట. "రేపట్నుంచి ఈ బాటకు ఇంకో మనిషిని పెడతా" అన్నాడట అతను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. పది మందే.

"మరి ఇంట్లో?"

"పరీక్ష దాంక చిన్నమ్మ రోడ్డు మీద దింపుతదట. ఆకు అటుదిక్కే కోస్తదట."

నాకు ఇంకా తెలుసుకోవాలని ఉంది. "కూత పెట్టడం కష్టమైందా?"

"కూత పెట్టుడు అల్కనే టీచరమ్మా. పలకకుండ ఉండుడే కష్టమైంది. రెండోసారి మా చిన్నమ్మ పిలిచింది. నాకేమో అయిందనుకుని ఏడుసుకుంట పిలిచింది. ఇగ పలుకుతనేమోనని చున్నీ నోట్ల కుక్కుకున్న."

మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. చున్నీ కొస ఇంకా తడిగానే ఉంది. దాన్ని భుజం వెనక్కి వేసుకుని, నిన్న సగంలో ఆపిన చొక్కా కాలరు తీసి మిషను పాదం కింద పెట్టింది.