రెండుసార్లు అడిగిన కడ్డీ

హిందూపురంలో టీవీలు, పాత కంప్యూటర్ మానిటర్లు బాగుచేసే మా గురువు పోయారని ఆయన భార్య, నేను వదిన అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసినప్పుడు నేను ధర్మవరంలో నా షాపులో టీ తాగుతున్నాను. "మీ అన్న లేడప్పా. మానిటర్ విప్పుతా విప్పుతానే పడిపోయినాడు" అంది. గుండె ఆగిందని డాక్టర్ రాశాడట. ఆ గుండె ఎందుకాగిందో నాకు తెలుసు. అది చెప్పకుండా మీ ముందు ఆయన్ను పొగిడితే నా అంత దొంగ ఉండడు.

పనిచేసే మిల్లు మూతపడ్డాక, ముప్పై దాటిన వయసులో ఆయన దగ్గర చేరాను. మొదటిరోజే గోనెపట్ట మీద నాలుగు పనిముట్లు పరిచారు. పాత డబ్బా మానిటర్లు ప్లగ్గు పీకేసినా గాజు గొట్టంలో వేల వోల్టులు దాచుకుంటాయి. చెయ్యి పెట్టే ముందు ఆ కరెంటును దించెయ్యాలి. "దేంతో దించుతావో తీసుకో" అన్నారు.

టెస్టర్ తీసుకున్నాను. చేతి మీద ఒక్కటి పడింది. "అది గోడలో కరెంటుండాదా లేదా చూసేదానికి. దీనికి పెడితే నువ్వుండావా లేదా మేం చూడల్ల!"

లావు స్క్రూడ్రైవర్ ముట్టాను. గొట్టం మీది రబ్బరు టోపీ కిందికి దాని మొన దూరదు. మూడోది సన్నగా బాగానే ఉంది కానీ పిడిలో వెంట్రుకంత పగులు. "ఆ సందు చాలు దానికి" అన్నారు. చివరిది ఆయన చేసుకున్న కడ్డీ. జానెడు సన్నటి మొన, పగుల్లేని పిడి, గట్టిగా సోల్డర్ చేసిన వైరు, వైరు మధ్యలో వరసగా రెసిస్టర్లు, చివర క్లిప్పు. ముందు క్లిప్పును మానిటర్ ఎర్తుకు కరిపించాలి, తర్వాతే మొన టోపీ కిందికి పోవాలి. అంతసేపూ ఎడమ చెయ్యి జేబులోనే, రెండు చేతులూ ఆనితే కరెంటు గుండె మీదుగా పోతుందని. ఆయన ప్యాంట్లన్నిటికీ ఎడమ జేబే ముందు చిరిగేది. వదిన తిట్టుకుంటూ కుట్టేది.

"ఒగసారి అడిగితే అబద్ధం చెప్తాది, రెండుసార్లడగల్ల" అనేవారు. ఒకసారి దించినా గొట్టంలో మళ్లీ కొంచెం ఊరుతుంది మరి. ఈ మాటలతోనే ఇన్నేళ్లు నా ఇంట్లో పొయ్యి వెలిగింది.

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు వేసే ఒకాయన పాత సాఫ్ట్‌వేర్ వదల్లేక డబ్బా మానిటర్‌తోనే నెట్టుకొస్తున్నాడు. అది పాడై నా దగ్గరికి వస్తే అన్నను కడ్డీ అడిగాను. ఎవరికీ ఇవ్వని మనిషి నాకిచ్చారు. "ఆదివారం పెనుకొండకు తీసుకురా" అన్నారు. పెనుకొండ మా ఇద్దరికీ మధ్యదారి. అక్కడి బస్టాండులో బోండాలు తింటూ పార్టులు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం.

నేను పోలేదు. ఫోన్ చేశారు. "ఏమప్పా, నా కడ్డీ యాడ?"

"బస్సు తప్పిపోయిందన్నా" అన్నాను. ఎక్కడి బస్సు! అన్నం తిని పడుకున్నాను.

తర్వాతి వారం మళ్లీ చేశారు. "నాకొగ మానిటర్ వచ్చుండాది, కడ్డీ కావల్ల."

"జ్వరమన్నా." జ్వరం లేదు, పాడూ లేదు. కడ్డీ నా బల్ల మీదే ఉంది.

"సరేలే, ఇంగొగటి చేసుకుంటా" అన్నారు. చేతులు వణికి ఆయనకు సోల్డరింగ్ కుదరడం లేదని నాకు తెలుసు. గుండెకు మందులు మింగుతున్నారనీ తెలుసు. అన్నీ తెలిసి, "సరే అన్నా" అని ఫోన్ పెట్టేశాను.

రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అబద్ధమే చెప్పాను.

నేను పోయేసరికి వాకిట్లో ఎవరో అంటున్నారు, "గుజిరీకేసే పాతసామాను డబ్బాల కోసం పానం పోగొట్టుకున్నాడబ్బా!" నాకు ఒళ్లు మండింది. కాని ఏ మొహం పెట్టుకుని నోరు తెరవను? లోపల షాపు బల్ల మీద ఆయన కొత్తగా చేసుకున్నది పడి ఉంది. స్క్రూడ్రైవర్‌కు వైరు చుట్టి టేపు వేశారు, అంతే. వైరు ఊడిపోయి ఉంది. గట్టి గుండె అయితే ఆ దెబ్బకు తట్టుకునేదేమో, ఆయనది తట్టుకోలేదు.

సంచిలోంచి కడ్డీ తీశాను. వదిన దాన్ని చూసింది, నన్ను చూసింది. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

"తెచ్చినావా? దాని మేకు ఆడుండాది" అంది.

తగిలించాను. క్లిప్పు కాసేపు ఊగి ఆగింది. వెనక్కి తిరగబోతూ చూసుకున్నాను, నా ఎడమ చెయ్యి జేబులో ఉంది.